మరకలు వెతికే ఆట

సింకులో గిన్నెలు తోముతూ తోముతూ, చేతుల నిండా నురగ ఉండగానే ఆగిపోయాను. కిటికీలోంచి వచ్చిన ఎండ సరిగ్గా ఆ నురగ మీద పడింది. ఒక్కో బుడగలో ఒక్కో బుల్లి కిటికీ, దాని చుట్టూ నీలం, గులాబీ అంచులు. పెద్ద గిన్నె అంచు మీది బుడగ అయితే నా కోసమే ఆగినట్టుంది. చేతులు నైటీకి తుడుచుకుని ఫోను అందుకున్నాను. వెనకనుంచి అత్తగారు, "గిన్నెలు తోమడానికి బద్ధకం గానీ, వాటికి ఫోటోలు తియ్యడానికి మాత్రం ఎక్కడలేని ఓపిక," అన్నారు. నేను ఫోను నొక్కాను. బుడగ పేలిపోయింది గానీ అప్పటికే నాకు దొరికింది.

నాకున్న పిచ్చి ఇదొక్కటే. నగల పిచ్చి లేదు, సీరియళ్ళ పిచ్చి లేదు. బస్సు అద్దం మీద జారే వాన చుక్కలు, మెట్ల మీద పడిన గ్రిల్లు నీడ, పొంగిన పాలు పొయ్యి గట్టు మీద గీసిన బొమ్మ, స్నానం చేసి పరుగెత్తిన మా అమ్మాయి తడి పాదాలు. ఇవీ నా ఫోటోలు. ఎవరికీ పంపను. మా అమ్మాయికి తప్ప ఎవరికీ చూపించను. పదేళ్ళది, నా పక్కన ముడుచుకుని కూర్చుని, "అమ్మా, ఈ బుడగలో మనిల్లు మొత్తం ఉంది చూడు," అంటుంది. అంతకు మించి నాకు ఎవరి మెప్పూ అక్కర్లేదు. ఆఫీసు బస్సులో సీటు దొరికితే ఒక్కొక్కటీ తీసి చూసుకుంటాను. ఈ ఇంట్లో నా అలమరాలో నా చీరల మీద ఆయన ఫైళ్ళుంటాయి, నా మంచం పక్క బల్ల మీద అత్తగారి మందులుంటాయి. నాదంటూ ఉన్నది ఆ చూపొక్కటే.

ఉద్యోగంలోనూ నా పని ఫోటోలు చూడడమే. ఇన్సూరెన్సు ఆఫీసు. కారు గుద్దుకున్నవాళ్ళు, ఇంట్లోకి నీళ్ళొచ్చినవాళ్ళు ఫోటోలు పంపుతారు. దెబ్బ ఎక్కడ తగిలింది, పాతదా కొత్తదా అని నేను రాయాలి. సొట్ట, గీత, పగులు, మరక. రోజంతా అవే. "ఆడవాళ్ళ కన్ను కదమ్మా, లోపం ఇట్టే పట్టేస్తుంది," అని మేనేజరు నలుగురి ముందూ మెచ్చుకుంటాడు. ప్రమోషను మాత్రం నేను పని నేర్పిన కుర్రాడికి ఇచ్చాడు. "నీకు ఇల్లూ వాకిలీ ఉంటాయి, ఎక్కడ పడతావమ్మా ఈ తలనొప్పి," అని పైగా జాలిపడ్డాడు. అందుకే కాబోలు, లోపం వెతకనక్కర్లేని ఫోటో రోజుకొక్కటైనా తీసుకోకపోతే నాకు ఊపిరాడేది కాదు.

ఇలా ఉండగా మా ఆయన గోడంత టీవీ కొన్నారు. ఖాళీగా ఉన్నప్పుడు ఇంట్లో వాళ్ళ ఫోన్లలోని ఫోటోలు దానంతటదే చూపిస్తుందట. "ఇంటిల్లిపాది ఫోన్లూ కలిపేశాను," అని గొప్పగా చెప్పారు. నా ఫోను ఎప్పుడు తీసుకున్నారో నాకు తెలీదు. నన్ను అడగాలని ఆయనకు తట్టనే లేదు. తన చొక్కా జేబులో చెయ్యి పెట్టడానికి ఎవరైనా అనుమతి అడుగుతారా?

ఆ ఆదివారం మా ఆడపడుచూ, వాళ్ళాయనా వచ్చారు. టీ ట్రే పట్టుకుని హాల్లోకి వచ్చేసరికి టీవీ నిండా నా సింకు.

"వదినా, ఇది మన సింకేనా?" అంది ఆడపడుచు. "కొంపదీసి ముందు రోజు గిన్నెలు కాదు కదా!"

పక్కుమని నవ్వారు. బొమ్మ మారింది. పడకగది కిటికీ దగ్గర ఎండ చారలో తేలుతున్న ధూళి. "అమ్మో, ఇంత దుమ్మా! మనం పీల్చేది ఇదేనా?" అన్నారు అత్తగారు. తర్వాత పాల బొమ్మ. "చూశావురా, పాలు పొంగబెట్టింది. నాతో ఒక్క ముక్క చెప్పలేదు." ఆడపడుచు మొగుడు లేచి వెళ్ళి టీవీ మీద వేలు పెట్టాడు. "ఇక్కడ చూడండి, మూలన సాలెగూడు!" అందరూ చప్పట్లు కొట్టారు. "ఆగండాగండి, తర్వాతది నాది," అన్నారు మా ఆయన, సోఫా అంచుకు జరిగి. అలా ఆట మొదలైంది. ముందుగా మరక కనిపెట్టినవాళ్ళకి ఒక పాయింటు. బల్ల మీద కనిపించిన టీ చుక్కలు అత్తగారి కప్పువే. అయినా అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ కదా, ఆ పాయింటూ నా ఖాతాలోనే పడింది.

వీళ్ళు చెడ్డవాళ్ళు కారు. జ్వరమొస్తే మాత్ర తెచ్చిస్తారు, పుట్టినరోజుకి కేకు కోయిస్తారు. ఆ రోజు కూడా ఎవరూ నన్ను తిట్టలేదు, సరదాగా నవ్వుకున్నారంతే. ట్రే పట్టుకుని నిలబడి, నలుగురితో నారాయణా అని నేనూ నవ్వాను. వాళ్ళ నవ్వు ఎప్పుడో మర్చిపోయాను. నా నవ్వు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మర్నాడు పొద్దున ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తూ అడిగాను. "టీవీలోంచి నా ఫోను తీసేయండి."

"ఎందుకూ?"

"నాకు నచ్చలేదు."

"సరదాకి అన్నదానికి అంత ఉడుక్కుంటే ఎలా? ఇప్పుడు తీసేస్తే, కోడలు ఏదో దాస్తోందని అమ్మ అనుకుంటుంది. అయినా నువ్వు కాస్త మంచి ఫోటోలు తియ్యకూడదూ? పూలో, సూర్యోదయాలో. ఎవరైనా సింకు తీస్తారా?" చొక్కా తొడుక్కుని, కాలరు దగ్గర మడత సరిగా పోలేదని మళ్ళీ విప్పి ఇచ్చారు.

ఆ తర్వాత నాకు తెలియకుండానే నేను మారాను. ఫోటో తీసే ముందు గట్టు తుడిచేదాన్ని. గుడ్డ తెచ్చి తుడిచి, గిన్నె పక్కకు జరిపి వచ్చేసరికి ఎండ వెళ్ళిపోయేది. ఎండ ఎవరి కోసం ఆగుతుంది? ఒకసారి మెట్ల మీద నీడ చాలా బాగుందని ఆగి, మెట్టు చివర ఎండిన బురద కనిపించి, చీపురు కోసం లోపలికి వెళ్ళాను. ఊడ్చాక అది ఉత్త మెట్టే. బస్సులో పాత ఫోటోలు తీసి చూసుకుంటే, బుడగల్లో కిటికీలకంటే ముందు గిన్నె అడుగున మాడు కనిపించింది. నాకు నిజంగా భయం వేసింది. కళ్ళు పోతే డాక్టరు దగ్గరికి వెళ్తాం, చూపు ఇలా పోతే ఎవరికి చెప్పుకోవాలి? ఆఫీసులో దెబ్బలు వెతికితే జీతమిస్తారు. ఇంట్లో నా బతుకు మీద నేనే దెబ్బలు వెతుక్కుంటున్నాను, అదీ ఊరికే.

ప్రతి ఆదివారం సాగుతున్న ఆ ఆటలో మా అమ్మాయి కూడా చేరింది. పిల్లల కళ్ళు చురుకు కదా.

మా ఆయనకు సెలవు దొరికింది. నలుగురం కొండ మీది ఒక ఊరికి బయల్దేరాం. యాత్ర అంటే నాకు సామాను సర్దడం, అక్కడ విప్పడం, మళ్ళీ సర్దడం. అత్తగారి మాత్రలు, ఆయన స్వెట్టరు, దారిలో తినడానికి చిరుతిళ్ళు, పిల్లకి వాంతి వస్తే కవర్లు. లోయ అంచున నిలబడి ముగ్గురూ ఫోటో తీయించుకున్నారు. "నువ్వే తియ్యి, నీకు అలవాటే కదా. బ్యాగులు కింద పెట్టకు, తడిగా ఉంది," అన్నారాయన. భుజాలకు రెండు బ్యాగులతో, వాళ్ళ వెనక లోయ ఎలా ఉందో చూడకుండానే తీశాను.

మర్నాడు అందరూ టిఫినుకి కిందికి దిగాక, అత్తగారి మాత్రలు మర్చిపోయామని నేను పైకి వచ్చాను. గది తలుపు తీసి అలాగే నిలబడిపోయాను. తెరలు తీసి ఉన్నాయి. బయట మంచులో కొండలు, లోపల చెదిరిన తెల్లటి పక్క, దాని మీద లేత ఎండ. దుప్పటి మడతలు అచ్చం ఆ కొండల్లాగే ఒకదాని వెనక ఒకటి లేచి ఉన్నాయి. అమ్మాయి తల పెట్టుకున్న గుంట ఇంకా దిండులో ఉంది. చేతులు అలవాటు కొద్దీ దుప్పటి అందుకోబోయాయి. అప్పుడు గుర్తొచ్చింది, ఇది నేను సర్దనక్కర్లేని పక్క. పెళ్ళయిన దగ్గర్నుంచి అలాంటిది ఒక్కటీ చూడలేదు. ఏదీ తుడవకుండా, ఏదీ జరపకుండా ఫోటో తీశాను. చూపు పోలేదు, ఉంది. ఆ మంచం అంచున కూర్చుని కాసేపు ఏడ్చాను, సంతోషంగానే. మాత్రలు ఆలస్యమైనందుకు కింద మాట పడ్డాను. పడితే పడ్డాను.

తిరుగు ప్రయాణంలో అమ్మాయికి చూపిద్దామనుకున్నాను గానీ అది నిద్రపోయింది. అది ఆ ఫోటో మొదటిసారి చూసింది టీవీలోనే, ఆదివారం నాడు, అందరి మధ్యా. దీనికి తెలుస్తుంది, ఆ కొండలు దీనికి కనిపిస్తాయి అనుకున్నాను.

"పక్క సర్దలేదు! ఒక దిండు కింద పడింది! రెండు పాయింట్లూ నాకే!" అంటూ సోఫా మీంచి గెంతింది.

"హోటలుకెళ్ళినా మీ అమ్మ అమ్మే," అని అత్తగారు నవ్వి దాన్ని ఒళ్ళోకి లాక్కున్నారు. "నా బంగారుతల్లి, కన్నంటే ఇదీ!"

వాళ్ళ నానమ్మ ఒళ్ళోంచి అది నా వైపే చూసింది. గెలిచింది కదా, నేను చప్పట్లు కొట్టాలని. కొట్టాను.

ఆ తర్వాత ఫోటోలు తియ్యలేదు. మానేద్దామని ఒట్టేమీ పెట్టుకోలేదు, తియ్యదగ్గవి కనిపించడం మానేశాయంతే. ఎండ పడితే దుమ్ము కనిపిస్తుంది, వాన పడితే బట్టలు ఆరవు. ఆఫీసులో మాత్రం నా పని ఇంకా మెరుగుపడిందని మేనేజరు అన్నాడు.

ఒకరోజు సెలవు. బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. లోపలినుంచి అమ్మాయి పరుగున వచ్చింది, చేతిలో నా ఫోను, ముఖం వెలిగిపోతోంది.

"అమ్మా, నేనొకటి తీశాను. చూడు, చూడు!"

నోట్లో క్లిప్పులు తీసి, తడి చేత్తోనే అందుకున్నాను. బాల్కనీ గాజు తలుపు. గాజంతా మసక, మధ్యలో చెయ్యి ముద్ర.

"నిన్ననే కదే తుడిచాను ఈ అద్దం! ఎవరు ముట్టుకున్నారు? నిండా మరకలే," అన్నాను.

దాని ముఖం వాడిపోయింది. "మరకలు కావమ్మా. నా చెయ్యి. అద్దం మీద ఊపిరి ఊది, కావాలనే పెట్టాను. నువ్వు నా అరచేతిలో కనపడాలని."

మళ్ళీ చూశాను. తెల్లటి మసక మధ్య ఐదు చిన్న వేళ్ళు, ఒక అరచెయ్యి. చెయ్యి ఆనిన చోటే గాజు తేటగా ఉంది. అందులో, రెండు చేతులూ పైకెత్తి, తడి బట్టల వెలుగులో, ఒక మనిషి. నేనే. నన్ను అంత అందంగా చూసినవాళ్ళు ఉన్నారని నాకు తెలీదు.

"సర్లే, తీసేస్తా," అంది. నేను వద్దనేలోపే దాని వేలు నొక్కేసింది, ఫోటో చెరిగిపోయింది. గబగబా వంటింట్లోకి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి అద్దం తుడవడం మొదలుపెట్టింది.

"చాలా బాగుందే. మళ్ళీ తియ్యి. నేను మళ్ళీ అలాగే నుంచుంటాను," అన్నాను. నా గొంతు నాకే బతిమాలుతున్నట్టు వినిపించింది.

"అద్దం శుభ్రంగా ఉందిగా అమ్మా, ఇంకేముంది తియ్యడానికి?" అంది, తిరిగి చూడకుండా. మునివేళ్ళ మీద లేచి పై మూల కూడా తుడిచింది.

హాల్లోంచి అత్తగారు అంతా చూస్తూనే ఉన్నారు. "చెప్పకుండానే పని అందుకుంది, చూశావా? పిల్లని పద్ధతిగా పెంచావమ్మా," అన్నారు.

ఈ ఇంటికి వచ్చాక అత్తగారు నన్ను మెచ్చుకోవడం అదే మొదటిసారి.