గురువారం పులుసు

కడిగిన బియ్యాన్నే కనకలక్ష్మి మళ్లీ కడుగుతోంది. నీళ్లు ఎప్పుడో తేటపడ్డాయి, అయినా చేతులు ఊరుకోవడం లేదు. గురువారం వచ్చిందంటే పొద్దున్నుంచీ ఆమెకు ఇదే వరస. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎందుకు లేచిందో గుర్తుండదు.

భవానీపురంలో ఎనిమిది కుటుంబాలు కలిసి కట్టుకున్న ఇళ్లవి. ఎవరి గుమ్మం వారిదే గానీ, సాయంత్రం భోజనం మాత్రం అందరికీ ఒకే వంటింట్లో. ఇద్దరేసి వంతు వేసుకుని వండుతారు. గురువారం వంతు కనకలక్ష్మిది, ఎదురింటి అమలమ్మది.

పామర్రులో ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా కనకలక్ష్మి జీవితం గడిచిపోయింది. ముంజేతుల నిండా నూనె చిందిన మచ్చలే. ఇప్పుడు చెల్లెలి కూతురు సుస్మిత ఇంట్లో ఉంటోంది. పోయిన మొగుణ్ణి గురించి ఆమెను ఎవరూ అడగరు. ముక్కల పులుసు ఎలా పెడతావని మాత్రం అందరూ అడుగుతారు. ఆ పొగడ్తే ఆమె ఆస్తి. అయితే మూడేళ్ల కిందట వచ్చిన జ్వరానికి నాలుక మొద్దుబారింది. ఉప్పు, పులుపు, తీపి, ఏదీ తెలియదు. ఆ సంగతి అమలమ్మ ఒక్కదానికే తెలుసు.

అమలమ్మ ఆస్పత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి. ఒకరి గుట్టు ఇంకొకరి చెవిన వేసే రకం కాదు. పులుసు దించే ముందు చెంచాడు నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇంకో చిటికెడు" అంటుంది. అంతే.

పోయిన ఆదివారం అందరూ కూర్చున్నప్పుడు సుస్మిత, "పెద్దవాళ్లకి వంతులు తీసేద్దామండీ, పాపం," అంది. మంచి మనసుతోనే అంది. కానీ ఆ 'పాపం' అన్న మాట కనకలక్ష్మికి ముల్లులా గుచ్చుకుంది. వంతు పోతే తను ఓ మూలన కూర్చుని పెట్టింది తినే మనిషే. వచ్చే ఆదివారం తేలుస్తామన్నారు. ఈలోగా మిగిలింది ఈ గురువారమే.

"వదినా, ములక్కాడలైనయ్యా?"

"అయినయ్యే కనకం. ఎందుకో ఆయాసంగా ఉంది. కాసేపు నడుం వాలుస్తా. పులుసు మరిగాక పిలువు."

"నిద్రపోమాక మరి."

పులుసు మరిగింది. కనకలక్ష్మి గుమ్మంలోకి వచ్చి రెండుసార్లు కేకేసింది. పలుకు లేదు. చిన్న గిన్నెలో పులుసు పోసుకుని తనే ఎదురింట్లోకి వెళ్లింది. అమలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"వదినా, కాస్త రుచి చూసి చెప్పు. అన్నం పొంగుతోంది, నేనెళ్తన్నా." గిన్నె స్టూలు మీద పెట్టి, దాని మీద చెంచా అడ్డంగా ఉంచి పరుగెత్తింది.

అన్నం వార్చాక ఉప్పు డబ్బా వంక చూసింది. మూత తీసే ఉంది. వేసిందా? వేయలేదా? ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. ఇంకెవరైనా అయితే నాలుక మీద చుక్క వేసుకుని చూసేవారు. రెండోసారి పడితే నోట పెట్టలేరని వేయకుండా ఆగింది. ఎదురు గుమ్మం వైపు చూసింది. రుచి చెప్పడానికి వదినే వస్తుందనుకుని మళ్లీ చూసింది. ఈలోగా ఆఫీసుల నుంచి అందరూ వచ్చి కూర్చున్నారు. ఇక తప్పక వడ్డించింది.

పక్కింటి జయకృష్ణ ఒక ముద్ద తిని, ఉప్పు గిన్నె దగ్గరకు లాక్కున్నాడు. తర్వాత అది అతని భార్య దగ్గరకు వెళ్లింది. ఆ తర్వాత పక్కవాళ్లకు. బల్ల చుట్టూ అది చేతులు మారుతుంటే కనకలక్ష్మి కళ్లప్పగించి చూసింది. సుస్మిత తలొంచుకుని కలుపుకుంటోంది. ఎవరైనా ఒక్క మాట తిట్టినా బాగుండేది.

ఆమెకు అమలమ్మ మీద కోపం ముంచుకొచ్చింది. చెంగుతో చేతులు తుడుచుకుంటూ విసవిసా ఎదురింట్లోకి వెళ్లింది.

"ఒక్క మాట చెప్పడానికి నీకేం పోయింది వదినా? నా పరువంతా..."

అమలమ్మ అలాగే గోడవైపు తిరిగి ఉంది. భుజం పట్టి కుదిపింది. చల్లగా తగిలింది.

వెనకాలే సుస్మిత వచ్చింది. "పులుసుకేం పెద్దమ్మా, బాగానే..." అంటూ గడప దగ్గరే ఆగిపోయింది.

"నాకు రుచి తెలియదే," అంది కనకలక్ష్మి, మంచం పట్టె పట్టుకుని కూలబడుతూ. "మూడేళ్లయింది. మీరు మెచ్చుకున్నదంతా వదిన నోరే. నా వంతు తీసేయండి."

గొల్లుమంది. బల్ల దగ్గర వాళ్లంతా లేచి వచ్చారు.

స్టూలు మీద గిన్నెలో పులుసు చల్లారి, పైన నూనె తెట్టు కట్టింది. దాని మీద అడ్డంగా పెట్టిన చెంచా పెట్టినట్టే ఉంది, తడి అంటకుండా.