టీచరమ్మ తిన్న గుడ్డు

బుద్ధెరిగాక ఇందుమతి కోడిగుడ్డును చేత్తో పట్టుకున్నది అంగన్‌వాడీలోనే, అదీ కాగితం చుట్టి. ఆ కాగితం చూసి ఆయా మాణిక్యాంబ పగలబడి నవ్వింది. "కరవదండి అమ్మగారూ! అదింకా పిల్లే కాలేదండి!" అంది. ఇందుమతికీ నవ్వాగలేదు. ఆ ఊళ్ళో ఆమెను నవ్వించే మనిషి మాణిక్యాంబ ఒక్కతే.

బాపట్ల నుంచి రేపల్లె వెళ్ళే బస్సు ఆగే ఊరది. ఊరి మొదట్లో చిన్న శివాలయం, దాని వెనక ఇల్లు, ఇంట్లో పూజారి గౌరీశంకరంగారు, ఆయన కోడలు ఇందుమతి. ఇంకెవరూ లేరు. అత్తగారు ఎప్పుడో పోయింది. భర్త మోటారు సైకిలు మీద తెనాలి వెళ్తూ లారీ కింద పడి పోయాడు. పిల్లలు లేరు. పుట్టింటివాళ్ళు ఎప్పుడైనా వచ్చి, కళ్ళొత్తుకుని, సాయంత్రం బస్సుకే వెళ్ళిపోతారు. మామగారికి కాఫీ ఇస్తే "ఊఁ", మజ్జిగ పోస్తే "చాలు". ఆ ఇంట్లో పొద్దుట్నుంచి పొద్దుగూకేదాకా వినపడే మాటలు అవే. పెద్దాయన చెడ్డవారా అంటే, అబ్బే, కాదు. మాట్లాడటం చేతకాని మనిషి, అంతే.

అయినా ఇందుమతి వంట మాత్రం ఆయనకు ప్రాణం. ఆమె మడి కట్టుకుని వండితే, దాన్నే స్వామికి నైవేద్యం పెట్టి, తర్వాత ఇద్దరూ తినేవారు. అంగన్‌వాడీ పోస్టు వచ్చిందంటే "పసిపిల్లల పని, పుణ్యమే. వెళ్ళమ్మా" అన్నది కూడా ఆయనే. ఇంటికొచ్చాక స్నానం చేసి వంటింట్లోకి రమ్మన్నారు. అంతకుమించి ఏ షరతూ పెట్టలేదు.

మొదట్లో సెంటర్లో పొడి ప్యాకెట్లు పంచేవారు. తల్లులు వాటిని ఇళ్ళకు పట్టుకెళ్ళేవారు. అందులో పిల్లల నోట్లో పడేదెంతో, గేదె కుడితిలో కలిసేదెంతో ఆ పరమాత్ముడికే తెలియాలి. ఆ ఏడాది రూలు మారింది. పొడి మానేసి సెంటర్లోనే వేడిగా వండి, పిల్లల్ని వరసగా కూర్చోబెట్టి తినిపించాలన్నారు. పప్పు, బియ్యం, ఆకుకూర కలిపి కిచిడీ, పైన ఉడికించిన గుడ్డు. ఆ మాట వినగానే ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది. ఆమె మనసంతా సునీల మీదే ఉంది మరి.

సునీల, పేటలో ఉండే ఏసుపాదం మనవరాలు. అమ్మా నాన్నా పనుల కోసం ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే తాత దగ్గర పెరుగుతోంది. మూడేళ్ళు దాటినా ఏడాది పిల్లలా ఉంటుంది. చేతులూ కాళ్ళూ పుల్లలు, కళ్ళు మాత్రం ఇంతింత. ఇందుమతే తెనాలి తీసుకెళ్ళి చూపించింది. "జబ్బేం లేదమ్మా, తిండి లేదు. ఇలాగే ఉంటే మాత్రం, వానల్లో వచ్చే జ్వరానికి ఈ పిల్ల తట్టుకోలేదు" అన్నాడు డాక్టరు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల ఒళ్ళో పడుకుంటే బరువే తెలియలేదు. ఇందుమతికి దారి పొడుగునా దుఃఖం ఆగలేదు.

కిచిడీ మొదలైన కొత్తల్లో సునీల గుడ్డంతా తిని, "ఇంకోటి?" అని చెయ్యి చాచింది. ఆ సంతోషం చెప్పుకోవడానికి ఇందుమతి ఇంటికి పరుగున వెళ్ళింది. మామగారు "ఊఁ" అన్నారు.

అంతలో ఏం ముంచుకొచ్చిందో, పిల్లలు ఒక్కొక్కరే రావడం మానేశారు. ఆఖరికి సునీల కూడా రాలేదు. మాణిక్యాంబను అడిగితే నీళ్ళు నమిలింది. ఇక లాభం లేదని ఇందుమతే పేటకు వెళ్ళింది. ఏసుపాదం వాకిట్లో కూర్చుని బుట్ట అల్లుతున్నాడు.

"ఏంటి తాతా, పిల్లని పంపడం లేదు?"

ఏసుపాదం లేచి నిలబడ్డాడు. "కోప్పడనంటే ఓ మాట అడుగుతానండి. ఆ కూడు దగ్గరుండి వండిస్తారు, వడ్డిస్తారు. ఒక్కనాడన్నా ఓ ముద్ద నోట్లో పెట్టుకున్నారాండి?"

"అది... మా ఇళ్ళల్లో బయట తినరు కదా తాతా."

"నాకు తెలుసండి. ఆడాళ్ళకి చెబితే వినటం లేదండి. పెట్టే మనిషే ముట్టని కూడు మన పిల్లలకెందుకని పేటంతా ఒకటే గోలండి. గుడ్లలో మందేదో కలిపారంట, తింటే రేపు ఈ పిల్లలకి పిల్లలు పుట్టరంట. అందుకే టీచరమ్మ ముట్టుకోడానిక్కూడా కాగితం చుట్టుకుంటదంట."

చూశారా, ఎక్కడి కాగితం ఎక్కడికొచ్చి పడిందో! ఇందుమతి తన మడి కోసం చుట్టుకుంది. వాళ్ళు తమ పిల్లల ప్రాణాల కోసం భయపడ్డారు. ఎవరిని తప్పు పట్టాలి?

"మాణిక్యాంబ తింటోంది కదా!"

"జీతం మనిషి కదండి, తినక చస్తదా అంటున్నారండి."

తలుపు చాటు నుంచి సునీల చూస్తోంది. మొన్నటికి కాస్త నిండిన బుగ్గలు మళ్ళీ లోపలికి పోయాయి. పైన మబ్బు పట్టి ఉంది. ఆ సాయంత్రం మామగారికి వడ్డిస్తూ చెబుదామని రెండు మూడుసార్లు నోరు తెరిచింది. ఆయన "చాలు" అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆమె చెప్పలేకపోయింది.

మర్నాడు మాణిక్యాంబను పంపి తల్లులందర్నీ సెంటరుకు పిలిపించింది. ఏసుపాదం సునీలను ఎత్తుకొచ్చి ఓ మూల నిలబడ్డాడు. ఇందుమతి పిల్లల వరసలో చాప మీద కూర్చుని, కంచం ముందు పెట్టుకుంది. "వడ్డించు మాణిక్యాంబా" అంది.

మాణిక్యాంబ గరిటె కింద పడేసింది. "వద్దండి అమ్మగారూ! మీకు దణ్ణం పెడతాను. ఆ పాపం నా చేత చేయించకండి" అని బావురుమంది.

ఇందుమతే లేచి వడ్డించుకుంది. కిచిడీ ఎలాగో తినేసింది. వెనక నుంచి ఒకావిడ, "కిచిడీ సరేనండి, మరి గుడ్డో?" అంది. సరే, అదీ కంచంలో పెట్టుకుంది. ఈసారి కాగితం లేదు. చేతికి మెత్తగా, వెచ్చగా తగిలింది. తల్లి గుర్తొచ్చింది, మడిచీర గుర్తొచ్చింది, గుళ్ళో గంట గుర్తొచ్చింది. ముక్క నోట్లో పెట్టుకుంటే గొంతు దిగనంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఉప్పు అద్దుకో టీచరమ్మా" అంది సునీల. తాత చంకలోంచి జారి, పక్కనొచ్చి కూర్చుని, వేలితో ఉప్పు చూపించింది. ఇందుమతి ఉప్పు అద్దుకుంది, మింగింది. మిగతా సగం సునీల నోట్లో పెడితే ఆ పిల్ల గబగబా తినేసింది. ఏసుపాదం తలగుడ్డతో ముఖం తుడుచుకున్నాడు. తల్లుల్లో ఒకావిడ తన పిల్లాణ్ణి తీసుకొచ్చి వరసలో కూర్చోబెట్టింది. తర్వాత ఇంకొకావిడ.

ఊరి నోరు ఎటూ ఊరుకోదు. అందుకని ఎవరో చెప్పేలోపే చెప్పాలని ఇందుమతి ఇంటికెళ్ళి, స్నానం చేసి, వంటింట్లోకి మాత్రం పోకుండా వసారాలో నిలబడి జరిగిందంతా చెప్పింది.

"ఆ పిల్ల తిందా?" అన్నారు గౌరీశంకరంగారు.

"తిందండి."

"మంచి పనే చేశావు. ప్రాయశ్చిత్తం ఉందిలేమ్మా, చేయిస్తాను."

"చేయించుకుంటానండి. కానీ రేపు మళ్ళీ తినాలి మామయ్యగారూ. ఎల్లుండీ తినాలి. రోజూ వాళ్ళ కళ్ళ ముందు తింటేనే పిల్లల్ని పంపుతారు."

ఆయన తలూపారు. కోప్పడలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేదని ఇందుమతికి అనిపించింది. "అయితే స్వామి వంట నేను చూసుకుంటాను" అని, వసారాలో ఆమెకు విడిగా కిరసనాయిలు స్టవ్వు పెట్టించారు.

వానలు వచ్చాయి, జ్వరాలూ వచ్చాయి. సునీలకూ వచ్చింది, తగ్గింది, లేచి మళ్ళీ గుడ్డు కోసం చెయ్యి చాచింది. తూకంలో ముల్లు జరిగినప్పుడల్లా మాణిక్యాంబ చప్పట్లు కొట్టేది. ఇక్కడ పిల్ల ఒళ్ళు చేస్తుంటే, అక్కడ ఇంట్లో పెద్దాయన చిక్కిపోతున్నారు. పుట్టి బుద్ధెరిగాక పొయ్యి ముట్టించిన మనిషి కాదాయె. ఒకనాడు అన్నం పలుకు, ఒకనాడు జావ. అదే స్వామికి పెట్టి, నాలుగు మెతుకులు తిని లేచిపోయేవారు. ఊరి పిల్లలందరికీ కడుపు నింపి ఇంటికొస్తే, ఇంట్లో ఉన్న ఒక్క ఆకలీ తీర్చే దారి లేదు. ఇందుమతి వసారాలో తన కంచం ముందు కూర్చుని ఏడ్చేది.

ఆదివారం సెంటరు లేదు. పొద్దున్నే వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. ఇందుమతి ఉండబట్టలేక గడప దాకా వచ్చి ఆగింది. లోపల ఆయన మసిగుడ్డతో గిన్నె పట్టుకుని, దింపాలో వద్దో తెలియక నిలబడి ఉన్నారు. పంచె నడుముకు నిలవడం లేదు.

"మామయ్యగారూ, మంట తగ్గించండి" అంది.

ఆయన ఇటు తిరగలేదు. కాసేపటికి వంగి, కట్టె వెనక్కి లాగారు.

"పైపైన అన్నం వేరే గిన్నెలోకి తీయండి. అడుగు కదపకండి."

"ఊఁ."

"చారుకి చింతపండు నానేశారా?"

"ఎంత వెయ్యాలమ్మా?" అన్నారాయన.

ఇందుమతి గడప ఇవతలే చతికిలబడి, ఒక్కొక్కటే చెప్పింది. ఆయన ఒక్కొక్కటే చేశారు. నైవేద్యం పెట్టి వచ్చి, విస్తరి ముందు కూర్చుని, ముద్ద కలుపుకున్నారు. ఆయన తింటున్నంతసేపూ ఆమె గోడకు ఆనుకుని చూస్తూ కూర్చుంది. చారు మారు వడ్డించుకున్నారు. వడ్డించడానికి లేవబోయి ఆమె తమాయించుకుంది.

చెయ్యి కడుక్కుని వచ్చి, గడపకు ఆవలే నిలబడి, ఆయన నేలవైపు చూస్తూ అడిగారు.

"రేపు నువ్వు వెళ్ళేలోపు ఏం వండాలో చెప్పి వెళ్తావామ్మా?"