మేపాల్సిన క్రిమి

నతేలా తమ్ముడు గేలా శవం ఇంట్లో ముందుగదిలో ఉంది. తిబిలిసీ నగరంలో తమ్ముడు పోతే అక్క తలాపిన కూర్చోవాలి, వచ్చినవాళ్ళ ఏడుపుకి తన ఏడుపు కలపాలి. ఈవిడ మాత్రం లేచి, కోటు తగిలించుకుని తను పనిచేసే ప్రయోగశాలకు బయల్దేరింది. చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నారు. నొక్కుకోరూ మరి!

కాలి పుండులో చేరిన క్రిమి గేలాను పొట్టన పెట్టుకుంది. ఏ మందుకీ లొంగలేదు. దాన్ని చంపే ఫేజ్ కోసం నతేలా ఊళ్ళో మురుగునీళ్ళన్నీ తెచ్చి గాలించింది. ఫేజ్ అంటే క్రిమిని పట్టి చంపే వైరస్సు. ఏ క్రిమికి తగ్గది దానికే వెతుక్కోవాలి. దొరికిందన్న కబురూ వచ్చింది, గేలా పోయిన మర్నాడు! ఇంతకంటే దిక్కుమాలిన శోధన ఉంటుందా?

"ఇంట్లో శవాన్ని పెట్టుకుని ఇక్కడేం పని నతేలక్కా?" అన్నాడు తోటి పరిశోధకుడు తెంగిజ్.

"ఆ క్రిమిని ఉడకబెట్టేసి పోతా."

గేలా పుండులోంచి తీసిన క్రిమి ఉన్న సీసా తీసుకుని ఆవిరిపాత్ర వైపు నడిచింది. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఒంట్లో తను లేనట్టే ఉంది.

తెంగిజ్ అడ్డం నిలబడ్డాడు. "చంపేస్తే ఫేజ్ దేని మీద పెరుగుతుంది? దానికి తిండి ఈ క్రిమే కదా! గేలా పక్కమంచం మీద రొట్టెలమ్మే వాజా ఉన్నాడే, వాడి కాల్లోనూ ఇదే తేలిందట. ఇందాకే ఆస్పత్రి నుంచి ఫోను."

"అయితే దీన్ని మేపాలంటావు."

"మేపాలి. నువ్వింటికి పో, నేను చూస్తా."

"నువ్వా? మొన్నటి సీసాలు బూజు పట్టించింది ఎవరు? జరుగు."

క్రిమిని జయించడమే శోధన అని ఇన్నేళ్ళూ పాఠం చెప్పింది. ముందు దాన్ని సాకాలని, ఆకలి చూడాలని కూడా చెప్పేది, అదేదో వంటపని అన్నట్టు. అల్మరాలో ఒక్కో సీసా వెనక ఒక్కో రోగి మంచం ఉంది. ఆ మంచాల వైపు ఒక్కసారీ చూడలేదు.

సీసాలో గోరువెచ్చని మాంసం రసం పోసింది. చివరి రోజుల్లో ఇలాంటి రసమే గేలాకి చెంచాడు పట్టించడానికి ఎంత బతిమాలింది! వాడు నోరు తెరవలేదు. ఇది మాత్రం తెల్లారేసరికి మొత్తం తాగేస్తుంది.