జేబులో ఫ్యూజు

వైరులో కరెంటు ఉందో లేదో తెలియాలంటే యెషయా చూపుడువేలు వెనక వైపు ఆనించి చూస్తాడు. శంషాబాద్‌లో అతనికి పని నేర్పిన ఐలయ్య మేస్త్రీ అట్లాగే చూసేవాడు. షాకు తగిలితే చెయ్యి దానంతటదే వెనక్కి ముడుచుకుంటుంది, వైరును పట్టుకోదు అనేవాడు.

వైర్‌మన్ పర్మిట్ పరీక్షలోనూ యెషయా అదే చేశాడు. మెయిన్ ఆపాడు. టెస్టరు పక్కనే ఉంది. వేలు ఆనించాడు. పరీక్షాధికారి పెన్నుకు మూత పెట్టాడు.

"చాలండి. వచ్చే విడత రండి."

మల్లేశ్వర్‌కు ఆ కబురు యెషయా కన్నా ముందే చేరింది. ఎయిర్‌పోర్టు పక్కన కట్టిన గోదాముల్లో కరెంటు పనుల కాంట్రాక్టు అతనిదే.

"ఇరవై ఏండ్ల సంది చేస్తున్నవ్, వేలు పెట్టి ఫెయిలైనవా అన్నా? పర్మిటు గా వేలికే ఇయ్యమనకపోయినవ్!"

మల్లేశ్వర్ దుకాణంలో ఉన్నవాళ్లు నవ్వారు. నవ్వులు ఆగాక మల్లేశ్వర్ గొంతు తగ్గించాడు. "పర్మిటు లేకుంటే నిన్ను గేటు లోపలికి రానియ్యరు. వచ్చే పరీక్ష దాక నీ జాగ ఖాళీ ఉంచుత. అటెన్క నా చేతుల లేదు."

మంఖాల్‌లో ఇంటికి వెళ్లగానే యెషయా భార్యను పిలిచాడు.

"నా వేలు వైరు దిక్కు పోతే ఆపు."

"ఎట్ల ఆపాలె?" అంది ప్రేమావతి.

"కొట్టు."

ఆమె చపాతీ కర్ర తెచ్చుకుంది. ఆ నెలంతా ఇంట్లో ప్రతి స్విచ్చుబోర్డునూ అతను విప్పి బిగించాడు. మొదట్లో దెబ్బలు బాగానే పడ్డాయి. తర్వాత తగ్గాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కరెంటు కోత ఉండగా, మెయిన్ ఆపి ముందుగది బోర్డు విప్పాడు. కాసేపటికి వీధిలో "కరెంటొచ్చింది" అని అరుపులు వినబడ్డాయి. టెస్టరు పెట్టి చూశాడు. వెలగలేదు. వైరు పట్టుకున్నాడు. మరుక్షణం స్క్రూడ్రైవరు గోడకు తగిలింది, అతను నేల మీద కూలబడ్డాడు.

"మెయిన్ ఎవరేసిన్రు?"

ప్రేమావతి పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నేనే. మోటరు తిరుగుత లేదు, చూస్తే మెయిన్ బందు ఉంది. నీళ్లు పట్టొద్దా?"

"బందు చేసింది నేను!"

"నాకేం తెలుసు? చెప్పినవా?"

ఆమె అతని చెయ్యి పట్టుకుని చూసింది, నీళ్లు తాగించింది. తర్వాత అంది: "బయటికి పోతే ఇంటి తాళంచెవి నీ తాన్నే పెట్టుకుంటవ్ గద. గా ఫ్యూజు గూడ పీకి జేబులేసుకో. ఇగ నేనేసినా, వాడకట్టంతా కలిసి ఏసినా కరెంటు రాదు."

రెండో పరీక్షకూ అదే అధికారి వచ్చాడు. యెషయా మెయిన్ ఆపాడు. తెల్ల పింగాణీ ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. టెస్టరు పనిచేస్తుందో లేదో గోడకున్న ప్లగ్గులో చూసుకుని, ఆ తర్వాత బోర్డు మీద పెట్టాడు. చూపుడువేలు ఒకసారి ముందుకు కదిలింది. పిడికిలి బిగించాడు.

పని సగంలో ఉండగా అధికారి వెనక నుంచి వచ్చి మెయిన్ పైకి వేశాడు. ఆ చప్పుడుకు పక్క బల్లవాళ్లు తల తిప్పారు. యెషయా చెయ్యి తీసి, టెస్టరుతో మళ్లీ చూసి, పని కొనసాగించాడు.

"మెయిన్ వేశాను కదా. భయం లేదా?"

"ఉంది సార్. అందుకే ఫ్యూజు జేబుల పెట్టుకున్న."

పని అయ్యాక మెయిన్ దించి, ఫ్యూజు పెట్టి, పక్కవాళ్లను జరగమని చెప్పి మెయిన్ వేశాడు. బల్బు వెలిగింది. అధికారి పెన్ను మూత తీసి కాగితం మీద రాశాడు.

"ఇది ఎవరు నేర్పారు?"

"మా ఇంటామె సార్."

"ఆవిడ కూడా ఈ పనేనా?"

"కాదు సార్. నాకు షాకు కొట్టిన రోజు మెయిన్ ఏసింది ఆమెనే."

పర్మిట్ వచ్చాక గోదాములో మొదటి రోజు, యెషయా నిచ్చెన మీద ఉండగా మల్లేశ్వర్ కింది నుంచి కేకేశాడు. "అన్నా, జల్ది కానియ్యి! నేను మెయిన్ ఏస్తున్న!"

"ఏస్కో," అన్నాడు యెషయా. జేబు తడిమి చూసుకుని, టెస్టరు అందుకున్నాడు.