నాలుగో షిఫ్టుకు ఎన్నాళ్ళు?

1986లో మణవాళనగర్ పక్కన ఒక సైకిల్ విడిభాగాల ఫ్యాక్టరీలో దేవకి ప్రోగ్రామరు. అక్కడున్న ఒకే ఒక్క కంప్యూటరు మూడొందల మందికి షిఫ్టుల పట్టిక అచ్చు వేసేది. మేనేజరు రత్నస్వామి గారు ఒకరోజు ఆమెను పిలిచి, ఇకమీద మూడు కాదు నాలుగు షిఫ్టులు, ప్రోగ్రాం మార్చడానికి ఎన్నాళ్ళు పడుతుందని అడిగినారు.

దేవకి రెండు రోజులు కూర్చుని ప్రోగ్రామంతా చదివి, ఇరవై రోజులని చెప్పింది. మూడు తీసి నాలుగు కొట్టడానికి ఇరవై రోజులా అని ఆయన నవ్వినారు. మూడు అనే అంకె నూటపద్నాలుగు చోట్ల ఉందని, అందులో ఏది షిఫ్టో ఏది గేటు నంబరో ఇంకా తేలలేదని ఆమె చెప్పి చూసింది. ఆయన నమ్మలేదు. ప్రోగ్రాం రాసినవాణ్ణే అడిగి రమ్మన్నారు.

రాసిన గోపాలన్ ఉద్యోగం మానేసి తిరుత్తణిలో చీరల కొట్టు పెట్టుకున్నాడు. మరుసటి రోజు దేవకి ప్రోగ్రాం అచ్చేసిన కాగితాల కట్ట చంకన పెట్టుకుని రైలెక్కింది.

గోపాలన్ చీరలు పక్కకు జరిపి కాగితాలు పరిచినాడు. చాలాసేపు చదివి తల గోక్కున్నాడు.

"ఇందులో ఈ అలమేలు ఎవరు, అన్నా?" అనింది దేవకి.

"నా పెండ్లాం. లెక్కలకు పేర్లు తోచక ఇంట్లోవాళ్ళవి పెట్టేసినా."

"మరి కుప్పమ్మ?"

"మా అత్త. ఆ పేరు పెట్టినానంటే అది ముట్టుకోకూడనిదే అయ్యుంటుంది. ఎందుకో గుర్తు లేదమ్మా."

తనకైతే నెల పడుతుందని కూడా అన్నాడు.

ఆమె తిరిగొచ్చేలోపే రత్నస్వామి గారు ఆపరేటరు చేత ఒకచోట మూడు తీయించి నాలుగు పెట్టించినారు. మర్నాడు పొద్దున నోటీసు బోర్డులో పెట్టిన పట్టికలో ఫ్యాక్టరీ మొత్తానికీ ఒకేరోజు వారపు సెలవు, అదీ ఆ రోజే. చదివినవాళ్ళు చదివినట్టే బస్సెక్కి ఇళ్ళకు పోయినారు. ఆగిన మెషీన్ల మధ్య ఆయనొక్కరే నిలబడినారు.

"ముప్పై రోజులు తీసుకోమ్మా," అన్నారు దేవకి కనబడగానే.

"ఇరవై చాలు సార్," అనింది ఆమె, కొంచెం రోషంగా.

ఇరవైఆరు పట్టింది. ఆ ఆరు రోజులకు సంజాయిషీ చెప్పుకుందామని ఆమె ఆయన గదికి పోయింది. ఆయన వినలేదు. కుర్చీ చూపించి, కాఫీ తెప్పించినారు. ఆ గదిలో దేవకి కూర్చోవడం అదే మొదలు.