ఆవిరి మీదున్న ఇంజను

బుధవారం వచ్చిందంటే నెస్టా పెరట్లోకి మగవాళ్ళు ఇంజన్లు చంకన పెట్టుకుని వస్తారు. మా కొండ మీంచి ఒకప్పుడు పలకరాయి దించిన సన్నపట్టాల రైళ్ళుండేవే, వాటికి పసిపిల్లల్లాంటివి ఇవి. బొమ్మలే గానీ మంట నిజం, ఆవిరి నిజం. ముందు నూనె పోస్తారు, తర్వాత వాననీళ్ళు, అన్నిటికన్నా చివర గ్యాసు. పొగగొట్టంలోకి నిప్పు చూపిస్తే బుస్సున అంటుకుంటుంది. ఇరవై నిమిషాలు పూలమొక్కల మధ్య వేసిన బుల్లి పట్టాల మీద తిరిగి, గ్యాసు అయిపోగానే ఆగిపోతుంది. అప్పుడు అందరూ టీ తాగుతారు.

ఎమ్లిన్ ఇంజను ఒక్కటే ఆగలేదు.

ఎమ్లిన్ నెస్టా మొగుడు. పోయిన ఏడు ఆకులు రాలే రోజుల్లో తన నల్ల ఇంజను వెలిగించి, పట్టాల మీద వదిలి, బిస్కెట్ల డబ్బా కోసం లోపలికి వెళ్ళాడు. వంటింటి కుర్చీలో కూర్చున్నాడు. మళ్ళీ లేవలేదు. శవపెట్టె తెచ్చినవాళ్ళు వచ్చేటప్పటికి ఇంజను తిరుగుతూనే ఉంది. పాతిపెట్టి వచ్చాక చూసినా తిరుగుతూనే ఉంది. మంచు పడినప్పుడు తెల్లటి పెరట్లో దాని దారి ఒక్కటే నల్లగా కనిపించేది. ఉత్తరాలు తెచ్చే అతను అది వెళ్ళేదాకా ఆగి, తర్వాత పట్టాలు దాటేవాడు. బుధవారం వాళ్ళు "ముందు నల్లదాన్ని పోనీ" అనుకుని, వెనకాల తమవి వదిలేవారు.

ఆవిరి మీదున్న ఇంజన్ను వదిలేసి పోకూడదు. పొయ్యి మీద పాలు వదిలి పోం కదా, అలాగే. అందుకని నెస్టా కుర్చీ వేసుకుని అక్కడే కూర్చునేది. వానొస్తే గొడుగు వేసుకునేది. ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు. పొగలు కక్కే టీనీ, చల్లారిన టీనీ ఒక్కలాగే గటగటా తాగేసేది. ఆమె బూట్ల మీద నాచు పట్టడం పక్కింట్లో ఉండే నేను కళ్ళారా చూశాను.

సముద్రం ఒడ్డున ఉండే ఆమె అక్క మెన్నా ఫోన్ చేసేది.

"ఏమే, వస్తున్నావా లేదా? నీ గది దుమ్ముకొట్టుకుపోతోంది."

"ఇంజను ఆగనీ అక్కా, వస్తా."

"ఇంకో చలికాలం ఆ పెరట్లో కూర్చుంటే నిన్ను పెట్టెలో తెచ్చుకోవాలి నేను. నెలాఖరు దాకా చూస్తా. తర్వాత ఆ గది వేరేవాళ్ళకిచ్చేస్తా, ఏమనుకోకు."

"ఏమనుకోను," అంది నెస్టా. నిజంగానే ఏమీ అనుకోలేదు. నాకు భయమేసింది అందుకే.

ఆ నెల చివరి బుధవారం డిలిస్ అనే ఆవిడ కొత్తగా వచ్చింది. బస్సు నడిపి నడిపి పని మానేసిన మనిషి, గొంతు కూడా బస్సు హారన్ లాంటిదే. ఆకుపచ్చ ఇంజనొకటి కొనుక్కుంది. పట్టాల పక్కన నిలబడి, "ఈ నల్లది ఎవరిదండీ?" అంది.

"ఎమ్లిన్‌ది," అన్నాడు ఇవోర్. వాళ్ళందరికీ పెద్ద ఆయనే.

"ఏడీ ఆయన?"

"చర్చి వెనక పడుకున్నాడు. ఏడాది కావస్తోంది."

"అయ్యో. మరి దీన్ని ఆపరేం?"

ఇవోర్ ఆవిడ వంక, పరాయి ఇంట్లో కుండ మూత తీసిన మనిషిని చూసినట్టు చూశాడు. "ఒకరి ఇంజన్ను ఇంకొకరు ముట్టుకుంటారా తల్లీ? దాని మనిషి చెప్పాలి."

"మనిషి పోతే? అప్పుడది ఎవరిది?"

ఒకాయన ఖాళీ కప్పులో చెంచా తిప్పుతూ ఉండిపోయాడు. ఎంత మర్యాదస్తులో పాపం! నెస్టా చెబుతుందని వాళ్ళు, వాళ్ళలో ఎవరో ఆపుతారని ఆమె. ఏడాదిగా ఆ మాట అడిగినవాళ్ళే లేరు.

డిలిస్ తిన్నగా కుర్చీ దగ్గరికి వెళ్ళింది. "అక్కా, ఇది మీదేనా?"

ఇంజను ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఇంకో చుట్టు కూడా తిరిగింది.

"నాదే," అంది నెస్టా.

ఇవోర్ టోపీ తీశాడు. "అదిగో, ఆ బుల్లి పలకరాతి వంతెన ఎక్కేటప్పుడు నెమ్మదిస్తుందమ్మా. ఎమ్లిన్ అక్కడే పట్టుకునేవాడు. వెనక చిన్న పిడి ఉంటుంది, తిప్పెయ్. ఇదిగో, చేతికి తొడుగు వేసుకో."

ఆమె తొడుగు మాట వినిపించుకోలేదు. పెళ్ళయిన నాటినుంచీ ఆ ఇంజన్ను ముట్టుకోని మనిషి వంతెన దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, వట్టి చెయ్యి చాపి, పిడి తిప్పింది.

ఇంజను ఆగింది. ఎవరి పెరట్లోదో గొర్రె అరుపు వినిపించింది.

"అబ్బా!" అంది నెస్టా. వేలు నోట్లో పెట్టుకుంది. "కాలింది ఇవోర్."

"కాలదూ మరి! ఆవిరి కదమ్మా."

"కాలింది," అంది మళ్ళీ. అప్పుడు ఏడ్చింది, చంటిపిల్లలా, ముక్కు కూడా తుడుచుకోకుండా. డిలిస్ పక్కన కూర్చుని వేలి మీద ఊదుతూ ఉంది. మగవాళ్ళు అటు తిరిగి నిలబడి ఉల్లికాడల మడిని శ్రద్ధగా చూశారు.

నెల ఇంకా నిండకుండానే డిలిస్ ఆమెను బస్సెక్కించింది. ఒళ్ళో తువ్వాలు చుట్టిన ఇంజను. మెన్నా తలుపు తీసి, ముందు తువ్వాలు వంక, తర్వాత చెల్లెలి మొహం వంక చూసింది.

"ఆగిందా?"

"లేదక్కా. నేనే ఆపాను," అంది నెస్టా, వేలి మీద బొబ్బ చూపిస్తూ. "కాస్త టీ పెట్టవే. వేడిగా పెట్టు."