పట్టకారు నా దగ్గరే ఉంది

"పట్టకారు ఎక్కడ పెట్టావు?" అని మా ఆయన ఫోన్లో కేకేసేసరికి, నేను సూక్ష్మదర్శిని ముందు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయట, గిన్నె దించడానికి ఏమీ దొరకడం లేదట.

"ముందు స్టవ్ ఆపండి" అన్నాను. అటు టక్కుమని మీట తిప్పిన చప్పుడు. ఆ ఆలోచన రానట్టుంది పాపం.

మా ల్యాబులో ఉన్నదీ పట్టకారే, కాకపోతే వెలుగుతో చేసింది. లేజరు కిరణాన్ని ఒక్క చుక్కగా కుదిస్తే, నీళ్లలో తేలే నలుసు ఆ చుక్కలోకి వచ్చి ఆగిపోతుంది. కిరణాన్ని జరిపితే వెంట నడుస్తుంది. గాజుపూసల్ని పట్టడం నాకెప్పుడో వచ్చు. బతికున్న కణాన్ని చంపకుండా పట్టాలనే నా ఆశంతా. పట్టులో ఉండగానే అది మొగ్గ తొడిగితే, అంటే దాని ఒంటిమీద పిల్లకణం మొలిస్తే, బతికున్నట్టు లెక్క. దానికో సాయంత్రమంతా కావాలి. మా హెడ్డుగారు సాయంత్రాలన్నీ మగవాళ్లకే ఇచ్చేవారు. "నీకెందుకమ్మా, నీ ధ్యాసంతా ఇంటిమీదేగా" అని నవ్వేవారు. పోట్లాడి సంపాదించుకున్న సాయంత్రమిది. మధ్యలో లేచిపోతే ఇంకెప్పుడూ అడిగే మొహం ఉండదు.

"కంటికి కనపడని వాటికోసం సంసారం గాలికొదిలేసింది" అని మా ఆయన చుట్టాలకి చెబుతుంటారు. నేను చేసే ఇంటిచాకిరీ కూడా కంటికి కనపడనిదేనని ఆయనకి తట్టదు. పట్టకారు రోజూ తనంతట తనే వెళ్లి మేకుకి వేలాడుతుందని ఆయన నమ్మకం.

పెన్ను కోసం సంచిలో చెయ్యి పెడితే చల్లగా పట్టకారు తగిలింది. పొద్దున టిఫిన్ డబ్బా సర్దే హడావిడిలో దాన్నీ సర్దేశాను! నవ్వాపుకోలేక బల్లమీద పెట్టాను.

అంతలో తెరమీదికి ఈస్టు కణమొకటి తేలుతూ వచ్చింది. లేజరు జోరు పెంచితే మాడి చస్తుంది, తగ్గిస్తే జారిపోతుంది. కాపురానికొచ్చిన కొత్తలో అత్తయ్య పట్టకారు చేతికిచ్చి చెప్పిన మాట గుర్తొచ్చింది. "గట్టిగా నొక్కితే గిన్నె అంచు వంగుతుందే, వదులుగా పడితే కాళ్లమీద పడుతుంది." అలాగే పట్టాను, అత్తయ్యా. కణం వణికింది, ఆగింది. మెల్లగా జరిపితే నా వెంటే వచ్చింది. ఒళ్లంతా సంతోషం.

"దొరికిందండీ!" అని ఇంకా పెట్టెయ్యని ఫోన్లోకి అరిచాను.

"హమ్మయ్య! ఎక్కడుంది?"

"ఇక్కడే, వెలుగులో."

"ఏ వెలుగులో? సరేలే, తొందరగా రా. ఈ గిన్నె ఎలా దించాలి?"

నేను కుర్చీ ఇంకాస్త ముందుకి లాక్కున్నాను.

"అది మొగ్గ తొడిగేదాకా రాను. గుడ్డతో పట్టుకుని మీరే దించుకోండి."